సుంకం తగ్గితే ఎవరి కూలి పెరుగుతుంది?

శ్రీకాకుళం జిల్లా పలాస-కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలకు చుట్టుపక్కల ఉద్దానం తోటల పిక్కలు, అంటే చిప్ప తీయని జీడి గింజలు, ఏడాదంతా సరిపోవు. మన తోటల్లో పంట వేసవిలో వస్తుంది, కొద్ది నెలల్లో అయిపోతుంది. మిగతా కాలం బాయిలర్ వెలగాలంటే ఐవరీ కోస్ట్, టాంజానియా, బెనిన్ లాంటి ఆఫ్రికా దేశాల నుంచి ఓడల్లో వచ్చే పిక్కే దిక్కు. ఆ పిక్కల మీద దిగుమతి సుంకాన్ని 2018 బడ్జెట్‌లో 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గించారు. మరుసటి ఏడాది జూన్‌లో, ఒలిచిన పప్పు విషయంలో దీనికి ఎదురు పని చేశారు. విరగని గుండు పప్పయితే కిలో 720 రూపాయల కంటే, ముక్క పప్పయితే 680 రూపాయల కంటే తక్కువ ధరకు విదేశాల నుంచి తెప్పించకూడదన్నారు.

అంటే పిక్క రావచ్చు, చౌక పప్పు రాకూడదు. ఈ రెండు నిర్ణయాల్లో ఆడ, మగ అన్న మాట ఎక్కడా లేదు. కానీ పిక్క పప్పుగా మారే దాకా ఉన్న పనిలో, అంటే కటింగ్‌లో, పొట్టు తీయడంలో, గ్రేడింగ్‌లో, ఎక్కువ మంది ఆడవాళ్లే. ఢిల్లీలో సుంకాల పట్టిక సవరించినవాళ్లకు తెలిసినా తెలియకపోయినా, వాళ్లు పలాస ఆడవాళ్ల పని దినాల గురించే నిర్ణయం తీసుకున్నారు.

ఉద్దానంలో ఒక ఇల్లు ఊహించుకుందాం. రెండెకరాల జీడితోట ఉంది, పట్టా భర్త పేరున. భార్య ఫ్యాక్టరీలో పొట్టు తీస్తుంది, కిలో లెక్కన కూలి. బయటి పిక్క చౌకగా దిగితే భర్త అమ్మే బస్తా ధర కిందికి జారుతుంది. పిక్కలకు మద్దతు ధర కావాలని ఉద్దానం రైతులు అడగడం వెనుక ఉన్న బాధ ఇదే. అదే పిక్క వల్ల భార్యకు సీజన్ అయిపోయాక కూడా పని ఉంటుంది. కిలోకి వచ్చే రేటు పైసా పెరగకపోయినా, పని దొరికే నెలలు పెరుగుతాయి. ఒకే నిర్ణయం ఆ ఇంట్లో ఒక జేబులోంచి తీసి ఇంకో కొంగున కట్టింది. ‘కుటుంబ ఆదాయం’ అని ఒకే అంకె రాసుకుంటే ఇదేమీ కనిపించదు. వాణిజ్య సంస్కరణల మీద మన చర్చలన్నీ దాదాపు ఆ ఒక్క అంకె దగ్గరే ఆగిపోతాయి, అది నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

పోటీ పెరిగితే ఆడవాళ్ల కూలి మగవాళ్ల కూలికి దగ్గరవుతుందని చాలామంది ఆర్థికవేత్తలు నమ్మారు. ఆ వాదనను అమెరికా ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1957లో చేశారు. ఇద్దరూ ఒకే పని ఒకేలా చేస్తున్నప్పుడు, ఆడది కదా అని పక్కనబెట్టి ఎక్కువ కూలికి మగవాణ్నే పెట్టుకునే యజమాని తన పక్షపాతానికి తానే ఖర్చు భరిస్తున్నట్టు. మార్కెట్లో పోటీ లేనంత కాలం లాభాల్లోంచి ఆ ఖర్చు పెట్టుకోగలడు. విదేశీ సరుకు వచ్చి మీద పడ్డాక ఆ విలాసం సాగదు. పనిమంతురాలైన ఆడమనిషిని పెట్టుకున్నవాడు నిలుస్తాడు, ఆమె కూలి పెరుగుతుంది. వినడానికి చక్కటి తర్కం.

దాన్ని పరీక్షించడానికి మన దేశం కంటే పెద్ద ప్రయోగశాల దొరకదు. 1990లో 80 శాతం దాటి ఉన్న సగటు దిగుమతి సుంకం 1996 నాటికి 37 శాతానికి దిగింది. 1983 నుంచి 2004 దాకా మన తయారీ పరిశ్రమల లెక్కలు తీసి ఆర్థికవేత్తలు నిధియా మీనన్, యానా రోజర్స్ 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొద్ది కంపెనీల చేతిలోనే ఉన్న పరిశ్రమల్లో, అంటే బెకర్ తర్కం బాగా పనిచేయాల్సిన చోటే, విదేశీ పోటీ పెరిగిన కొద్దీ ఆడ-మగ కూలి తేడా తగ్గకపోగా పెరిగింది. వాళ్లు ఇచ్చిన వివరణ సూటిగా ఉంటుంది. పోటీ వల్ల ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చిన యజమాని ఎవరు గట్టిగా అడగలేరో వాళ్ల కూలి మీదే చెయ్యి వేశాడు.

బెకర్ తర్కంలో మెలిక ఇక్కడుంది. సరుకు అమ్ముకోవడంలో పోటీ వేరు, పనివాళ్లను పెట్టుకోవడంలో పోటీ వేరు. మొదటిది పెరిగినంత మాత్రాన రెండోది పెరగదు. పనివాళ్లకు యజమాని ఒక్కడే ఉన్నప్పుడు, లేదా ఉన్న నలుగురూ ఒకే రేటు అనుకున్నప్పుడు, కూలి వాళ్ల పనితనానికి తగ్గంత ఉండదని ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ 1933లోనే వివరించారు. శ్రీకాకుళం జిల్లాకు ఈ మాట అతికినట్టు సరిపోతుంది. ఇక్కడి మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి బోట్లలో పని చేస్తారు. భవన నిర్మాణ కూలీలు విశాఖకో హైదరాబాద్‌కో బండెక్కుతారు. ‘ఈ రేటుకి నేను రాను’ అనే మగవాడి వెనుక ఒక రైలు టికెట్ ఉంది. ఆడమనిషికి పిల్లల బడి, పెద్దవాళ్ల మందులు, సాయంత్రం వంట, వీటి మధ్య ఆటో వెళ్లినంత దూరమే లేబర్ మార్కెట్. ఆ దూరంలో ఎంతమంది యజమానులున్నారో, ఆమె కూలి వాళ్ల మధ్యే తేలుతుంది.

సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది కదా అనిపించవచ్చు. ఆ చట్టం ఒకే పనికి, లేదా ఒకేలాంటి పనికి, సమాన కూలి ఇమ్మంది. 2025లో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా అదే అంటుంది. పొట్టు తీసే గదిలో అందరూ ఆడవాళ్లే అయినప్పుడు ఎవరితో సమానమని అడగాలి? బాయిలర్ దగ్గరి పనికీ ఈ పనికీ పోలిక లేదంటారు. పని విడదీస్తే చాలు, కూలి తేడాకు చట్టం అడ్డు రాదు.

ఇక యంత్రాల సంగతి. సంస్కరణల తర్వాత పెట్టుబడి వస్తే దాని వెంట కొత్త మెషీన్లూ వస్తాయి. 1994లో అమెరికా, కెనడాలతో నాఫ్టా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చాక మెక్సికోలో ఏం జరిగిందో చిన్‌హుయి జూన్, ఆమె సహ పరిశోధకులు 2014లో రాశారు. సుంకాలు తగ్గడంతో ఎగుమతుల్లోకి దిగిన ఫ్యాక్టరీలు కొత్త యంత్రాలు కొన్నాయి. బరువులెత్తే పని తగ్గింది. కార్మిక ఉద్యోగాల్లో ఆడవాళ్లూ పెరిగారు, వాళ్ల కూలి కూడా మగవాళ్ల కూలితో పోలిస్తే మెరుగుపడింది. ఆఫీసు ఉద్యోగాల్లో మాత్రం అలాంటి మార్పు రాలేదు.

ఇదే కథ పలాసలోనూ జరుగుతుందని అనుకోవడానికి లేదు. మెక్సికోలో యంత్రం కండబలం చేసే పని తీసుకుంది. జీడి పరిశ్రమలో యంత్రం తీసుకునేది వేళ్ల నేర్పు. పిక్క చిప్పలోని నూనె తగిలితే చర్మం కాలి పొక్కుతుంది. చేతులకు బూడిదో నూనో రాసుకుని, పప్పు విరగకుండా పిక్క కోయడం ఏళ్ల తరబడి చేస్తే గానీ పట్టుబడదు. ఆ నేర్పుకు మార్కెట్లో కచ్చితమైన విలువ ఉంది. డబ్ల్యూ 320 అంటే పౌనుకు 320 దాకా తూగే గుండు పప్పు. అదే పప్పు విరిగితే ముక్కల ధరకు దిగిపోతుంది. వియత్నాం ఈ శతాబ్దంలో కటింగ్‌కీ పొట్టు తీతకీ మెషీన్లు పెట్టింది, పప్పు ఎగుమతిలో మనల్ని దాటిపోయింది. అవే మెషీన్లు ఇక్కడికీ వస్తాయి, వస్తున్నాయి. చేతుల మీద ఆ నూనె పడకపోవడం మంచిదే, ఆ పని అలాగే ఉండాలని నేననను. కానీ మెషీన్ నడపడం ఎవరికి నేర్పిస్తారు? ఆడవాళ్లకు నేర్పితే మెక్సికో కథ అవుతుంది. ఐటీఐ చదివిన కుర్రాళ్లకే అప్పగిస్తే ఆడవాళ్లకు మిగిలేది మెషీన్ వదిలేసిన పొట్టు గోకడం.

రణస్థలం దగ్గర పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలు వచ్చాయి. అక్కడి చిక్కు వేరు. రసాయన పరిశ్రమ రాత్రీ పగలూ నడుస్తుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా ఆడవాళ్లను పనిలో పెట్టుకోవద్దంది. మూడు షిఫ్టుల్లోనూ తిరగలేని మనిషిని తీసుకోవడానికి యజమాని వెనకాడేవాడు. తర్వాత రాష్ట్రాలు ఈ నిబంధనను సడలిస్తూ వచ్చాయి, 2025లో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ ఆడవాళ్లు ఒప్పుకుంటే రాత్రి పనికీ పెట్టుకోవచ్చంది. ఊళ్లోకి బస్సు వేళలు మాత్రం పాతవే.

చివరగా లెక్కల్లో ఒక కిటుకు ఉంది. ఊరికే పోల్చుకోవడానికి, ఒక ఫ్యాక్టరీలో పదిమంది ఆడవాళ్లు ఉన్నారనుకోండి. ఆరుగురికి రోజుకు 300, నలుగురికి 500. సగటు 380. మగవాళ్ల సగటు 500 అయితే ఆడవాళ్లది అందులో 76 శాతం. మెషీన్ వచ్చి 300 కూలివాళ్లలో నలుగుర్ని మాన్పించారు. మిగిలిన ఆరుగురి సగటు 433, అంటే దాదాపు 87 శాతం. ఒక్కరికీ రూపాయి పెరగలేదు, నలుగురు ఇంటికెళ్లారు, నివేదికలో మాత్రం ‘కూలి తేడా తగ్గింది’ అని వస్తుంది. తేడా ఇంకోలా కూడా తగ్గవచ్చు. బ్రెజిల్ 1990ల్లో సుంకాలు తగ్గించాక పనిలో ఉన్న ఆడవాళ్ల శాతానికీ మగవాళ్ల శాతానికీ మధ్య తేడా తగ్గిందని ఆర్థికవేత్తలు ఇసిస్ గాడిస్, యానెకే పీటర్స్ లెక్కగట్టారు. ఆ సంస్కరణల దెబ్బ ఇద్దరికీ తగిలింది. మగవాళ్లకు ఇంకాస్త గట్టిగా తగిలింది, అంతే.