ఐఆర్ 27, ఫిట్‌మెంట్ 23: పీఆర్సీ పేచీ ముదిరింది అక్కడే

పన్నెండో పీఆర్సీ (వేతన సవరణ సంఘం) మాట వచ్చినప్పుడల్లా ఆంధ్రప్రదేశ్ ఉద్యోగ సంఘాలు ముందుగా అడిగేది ఐఆర్, అంటే సవరణ తేలేలోపు ఇచ్చే మధ్యంతర భృతి. ఎంత ఇస్తారన్నది ఒక ప్రశ్న. ఇచ్చింది తర్వాత వెనక్కి పట్టుకోరు కదా అన్నది రెండోది. సంఘాల్లో ఈ రెండో ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే 2022 జనవరి 17న ఆర్థిక శాఖ ఇచ్చిన జీవో ఎంఎస్ నంబర్ 1 దగ్గరికి వెళ్లాలి. అంతకుముందు దశాబ్దాల పీఆర్సీల కథ ఇక్కడ అవసరం లేదు. ఒక్క అలవాటు గుర్తుంటే చాలు: మధ్యంతర భృతి ఎప్పుడూ ఫిట్‌మెంట్ (మూలవేతనం మీద పీఆర్సీ ఇచ్చే శాతం పెంపు) కంటే తక్కువే ఉండేది. తొమ్మిదో పీఆర్సీకి ముందు ఐఆర్ 22 శాతం, ఫిట్‌మెంట్ 39. పదో పీఆర్సీకి ముందు ఐఆర్ 27, ఫిట్‌మెంట్ 43. అందుకే ఐఆర్‌ను ఉద్యోగులు బయానాగా చూసేవారు. అసలు మొత్తం అంతకంటే ఎక్కువే వస్తుందని లెక్క.

పదకొండో పీఆర్సీలో ఆ లెక్క తలకిందులైంది. 2019 ఎన్నికల ముందు చంద్రబాబు ప్రభుత్వం 20 శాతం ఐఆర్ ప్రకటించింది. గెలిచాక జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వం దాన్ని 27కు పెంచి 2019 జూలై 1 నుంచి చెల్లించింది. కమిషన్ నివేదిక చేతికి రాకముందే, రాబోయే ఫిట్‌మెంట్ అంతకంటే తగ్గదన్న భరోసా ఇచ్చినట్టయింది. అశుతోష్ మిశ్రా కమిషన్ 2020 అక్టోబర్‌లో ఇచ్చిన నివేదిక కూడా 27 శాతాన్నే సిఫారసు చేసింది. అయితే ఆ నివేదికను ఏడాదికి పైగా బయటపెట్టలేదు. దాని మీద ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి సమీర్ శర్మ ఆధ్వర్యంలో కార్యదర్శుల కమిటీ వేశారు. ఆ కమిటీ 2021 డిసెంబర్‌లో 14.29 శాతం చాలంది. ఈ అంకె కేంద్ర ఏడో వేతన సంఘానిది. కేంద్రం వాడిన 2.57 గుణకంలో 2.25 పాత మూలవేతనం, దానిమీది 125 శాతం డీఏ (కరువు భత్యం) కలిపిన వాటా. దాని మీద వేసిన అసలు పెంపు 14.29 శాతం. కేంద్రంలో వేతన సవరణ పదేళ్లకోసారి, ఇక్కడ ఐదేళ్లకోసారి. కేంద్రం ఫిట్‌మెంట్‌ను తెచ్చినవారు కేంద్రం గడువును కూడా తెచ్చారు. అయిదేళ్ల పీఆర్సీకి స్వస్తి పలికి పదేళ్ల పద్ధతికి మారతామని జీవోలోనే రాశారు.

2022 జనవరి 7న ముఖ్యమంత్రి ప్రకటించింది 23.29 శాతం. దానితోపాటు పదవీ విరమణ వయసును 60 నుంచి 62కు పెంచారు. ఆ రోజు సంఘాల నేతలు ధన్యవాదాలు చెప్పే బయటికొచ్చారన్నది దాచలేని విషయం. పది రోజుల తర్వాత జీవో చేతికొచ్చింది. ఫిట్‌మెంట్ 23 అయింది, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) శ్లాబులు తగ్గాయి, సీసీఏ (నగర పరిహార భత్యం) పోయింది, 70 నుంచి 79 ఏళ్ల పెన్షనర్లకు అదనపు పెన్షన్ పోయింది. ‘రివర్స్ పీఆర్సీ’ అన్న మాట ఆఫీసుల్లో పుట్టింది అప్పుడే.

అది ఒట్టి నినాదం అవునో కాదో ఒక జూనియర్ అసిస్టెంట్ ఫిక్సేషన్ (కొత్త స్కేలులో జీతం ఖరారు) వేసి చూస్తే తెలుస్తుంది. పాత స్కేలు 16,400. దానికి 2018 జూలై 1 నాటి డీఏ 30.392 శాతం, అంటే రూ.4,984 కలపాలి. ఫిట్‌మెంట్ 23 శాతం రూ.3,772. మొత్తం 25,156. మాస్టర్ స్కేలులో (మూలవేతనాల మెట్ల పట్టికలో) ఆ పై మెట్టు 25,220, కొత్త మూలవేతనం అదే. ఫిట్‌మెంట్ స్థానంలో ఐఆర్ 27 శాతం, అంటే రూ.4,428 పెట్టి పాత స్కేలునే కూడితే 25,812. కొత్త స్కేలులోకి వచ్చినవాడు రూ.592 కిందికి దిగాడు.

ఇంటి అద్దె భత్యం దగ్గర ఇంకో దెబ్బ. కాకినాడ, కర్నూలు, రాజమహేంద్రవరం లాంటి ఊళ్లలో పాత హెచ్‌ఆర్‌ఏ 20 శాతం, మన ఉదాహరణలో రూ.3,280. జీవో ప్రకారం 5 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లన్నిటికీ 8 శాతమే. 25,220 మీద అది రూ.2,018. ఇక్కడ పోయింది రూ.1,262. విజయవాడ, విశాఖల్లో 16 శాతం కాబట్టి కొత్త మూలవేతనం మీద రూ.4,035 వస్తుంది, అక్కడ నష్టం లేదు. 12 శాతం తీసుకునే పల్లెటూరి ఉద్యోగికీ రూ.50 ఎక్కువే. గట్టిగా తగిలింది మధ్యస్థాయి పట్టణాలకు, 30 శాతం తీసుకుంటున్న సచివాలయానికి. జిల్లా కేంద్రాల కలెక్టరేట్ల దగ్గర ఆందోళన అంత ఎగసిపడటానికి కారణం ఈ శ్లాబుల్లోనే ఉంది.

ప్రభుత్వం చెప్పింది వేరు. కరోనాతో రాబడి పడిపోయింది, ఈ పీఆర్సీ వల్ల ఏటా రూ.10,247 కోట్లు అదనపు భారం పడుతోంది, ఎవరి జీతమూ తగ్గలేదు, డిసెంబర్ స్లిప్పు, జనవరి స్లిప్పు పక్కపక్కన పెట్టి చూసుకోండి అంది. నిజమే, స్లిప్పులో మొత్తం పెరిగింది. పెంచింది మాత్రం డీఏ. ఆపి ఉంచిన డీఏలన్నీ ఒక్కసారే వదిలారు, కొత్త స్కేలు మీద అది 20.02 శాతానికి చేరింది. మన జూనియర్ అసిస్టెంట్‌కు ఆ ఒక్క పద్దులోనే రూ.5,049. పీఆర్సీ ఉన్నా లేకపోయినా రావలసిన డబ్బుతో పీఆర్సీలో తగ్గినదాన్ని పూడ్చారని సంఘాలు అన్నాయి. ఈ వాదనకు సర్కారు నుంచి సూటి జవాబు రాలేదు.

అన్నిటికంటే మంట పెట్టింది రికవరీ. కొత్త స్కేళ్లు 2018 జూలై 1 నుంచి నోషనల్, అంటే కాగితం మీదే. నగదు లాభం 2020 ఏప్రిల్ 1 నుంచి. ఈ రెండు తేదీల నడుమ, 2019 జూలై నుంచి 2020 మార్చి దాకా, తొమ్మిది నెలల పాటు తీసుకున్న ఐఆర్‌కు ఎదురుగా సర్దుకోవడానికి ఏ బకాయీ లేదు. ఆ తర్వాతి నెలల్లోనూ 27లో 23 పోగా నాలుగు మిగులుతోంది. కాబట్టి డీఏ బకాయిల్లోంచి పట్టుకుంటామన్నారు. భృతిగా ఇచ్చింది అప్పుగా మారింది.

తర్వాత జరిగింది వేగంగా జరిగింది. నాలుగు ఐక్య వేదికలు కలిసి పీఆర్సీ సాధన సమితి అయ్యాయి. కొత్త స్కేళ్ల బిల్లులు చేయబోమని ట్రెజరీ సిబ్బంది, డీడీఓలు (ఆఫీసుల్లో జీతాల బిల్లులు పెట్టే అధికారులు) మొండికేశారు. క్రమశిక్షణ చర్యల మెమోలు వచ్చాయి. చివరికి ఫిబ్రవరి 1న జీతాలు కొత్త స్కేళ్ల ప్రకారమే ఖాతాల్లో పడ్డాయి. ఫిబ్రవరి 3న చలో విజయవాడ. ఎక్కడికక్కడ పోలీసులు అడ్డగించినా బీఆర్టీఎస్ రోడ్డు నిండిపోయింది. ఏడో తేదీ నుంచి సమ్మె అన్న నోటీసు అప్పటికే ఇచ్చి ఉంది. ఐదో తేదీ రాత్రి మంత్రుల కమిటీతో ఒప్పందం కుదిరింది.

ఆ ఒప్పందంలో ఫిట్‌మెంట్ కదల్లేదు, 23 అలాగే ఉంది. మారినవన్నీ చుట్టూ ఉన్నవి. ఐఆర్ రికవరీ మానుకున్నారు. హెచ్‌ఆర్‌ఏ 10, 12, 16, 24 శాతాలకు మారింది. కాకినాడ ఉద్యోగికి 8 కాస్తా 16 అయింది. సీసీఏ తిరిగి వచ్చింది. అదనపు పెన్షన్ 70 ఏళ్లకు 7 శాతం, 75 ఏళ్లకు 12 శాతంగా కొంత దక్కింది, మునుపు 10, 15 ఉండేవి. అయిదేళ్ల పీఆర్సీ పద్ధతిని నిలబెట్టారు. ఫిట్‌మెంట్ మీద మాట్లాడకుండా సంతకం పెట్టారని ఉపాధ్యాయ సంఘాలు బాహాటంగానే విభేదించాయి. ఆ చీలిక సాధన సమితిని మళ్లీ నిలవనివ్వలేదు.

నేటి తగాదాకు పనికొచ్చేది ఆ ఒప్పందంలోని చివరి అంశమే. అయిదేళ్ల పద్ధతి ఉంది కాబట్టి పన్నెండో పీఆర్సీ 2023 జూలై 1 నుంచి అమలు కావాలి. ఆ నెలలోనే రిటైర్డ్ ఐఏఎస్ మన్మోహన్ సింగ్ ఛైర్మన్‌గా కమిషన్ వేశారు, ప్రభుత్వం మారాక ఆయన రాజీనామా చేశారు. 2025 అక్టోబర్ దాకా ఐఆర్ రాలేదు. 2022 చేదు రెండు వైపులా ఉంది: ఎక్కువ ఐఆర్ ఇస్తే రేపు ఫిట్‌మెంట్‌కు అదే కనీసంగా మారుతుందని ఆర్థిక శాఖ బెంగ, తక్కువ తీసుకుంటే దాన్నే ఫిట్‌మెంట్ చేస్తారని సంఘాల బెంగ. ఈలోగా డీఏలే బేరసారాలకు మిగిలాయి. 2025 అక్టోబర్‌లో కూటమి ప్రభుత్వం ప్రకటించిన 3.64 శాతం డీఏ 2024 జనవరి నాటిది. కేంద్రం అప్పుడు పెంచిన 4 శాతానికి 0.91 చొప్పున రాష్ట్రం లెక్క. దాని బకాయిలు పదవీ విరమణప్పుడు ఇస్తామని మొదటి జీవోలో రాసి, గొడవయ్యాక సవరించారు.

ఇక ఫిట్‌మెంట్ ఎంతన్న దానికంటే తేదీలే గట్టిగా చూడాల్సినవి. తొమ్మిదో పీఆర్సీలో నోషనల్ కాలం 19 నెలలు, పదోదానిలో 11, పదకొండోదానిలో 21. నోషనల్ నెలల్లో పెరిగిన జీతం సర్వీసు రిజిస్టర్‌కు ఎక్కుతుంది గానీ చేతికి రాదు. పన్నెండోదానికి ఆ గడియారం 2023 జూలై 1న మొదలైంది. కమిషన్ నివేదిక ఆలస్యమైన ప్రతి నెలా అటు నోషనల్‌లోకైనా పోవాలి, ఇటు బకాయిల్లోకైనా చేరాలి. ఏ నెల దేనిలోకి వెళ్తుందో నిర్ణయించే అధికారం కమిషన్‌ది కాదు, జీవో రాసే ఆర్థిక శాఖది.