చేత్తో చేసే టెడ్డీబేర్లతో ఇల్లు గడుస్తుందా? అపోహలు - వాస్తవాలు

తల, చేతులు, కాళ్లు విడివిడిగా తిరిగే జాయింటెడ్ బేర్ ఒకటుంది. కత్తిరించడం మొదలుకొని ముక్కు కుట్టేదాకా ఒక్క మనిషి చేతి మీదే తయారవుతుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఈ పనిలోకి దిగుదామనుకునేవాళ్లు దాదాపు ఒకే రకం నమ్మకాలతో వస్తారు. వాటిలో కొన్ని డబ్బు పోగొడతాయి, ఒకటి రెండు కేసుల దాకా తీసుకెళ్తాయి.

అపోహ: చెయ్యి తిరిగితే చాలు, సంపాదన దానంతటదే వస్తుంది

చెయ్యి తిరగాల్సిందే. కానీ ఇల్లు గడవాలంటే ముందు గంటల లెక్క రాయాలి. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. నెలకు 24 పనిదినాలు, రోజుకు 8 గంటలు. అందులో వాట్సాప్ ఆర్డర్లు, ఫొటోలు, ప్యాకింగు, కొరియరు, బజారు పనులకు రోజూ రెండు గంటలు పోతాయి. బొమ్మ మీద పెట్టడానికి మిగిలేది నెలకు 144 గంటలు. ఇంటికి 40,000 రూపాయలు కావాలి. కరెంటు, మెషిన్ సర్వీసింగు, ఫోను, తిరుగుడు ఖర్చులకు ఇంకో 8,000. మొత్తం 48,000ను 144తో భాగిస్తే గంటకు 333 రూపాయలు.

14 అంగుళాల జాయింటెడ్ బేర్‌కి పని తెలిసినవాళ్లకే 14 గంటలు పడుతుంది. గీసి కత్తిరించడానికి రెండు, కచ్చా కుట్లకు, మెషిన్ కుట్టుకు మూడు, తిరగేసి కుట్లలో ఇరుక్కున్న ఫర్ వెంట్రుకలు సూదితో లాగడానికి ఒకటి, కూరడానికి, జాయింట్లకు నాలుగు, మూసి కుట్టడానికి ఒకటి, ముఖానికి మూడు. కూలీ సుమారు 4,660. పావు మీటరు ఫర్, అరచేతులకు స్వెడ్ ముక్క, 300-350 గ్రాముల రిక్రాన్ (పాలిస్టర్ దూది), కళ్లు, ఐదు జాయింట్లు, దారం, డబ్బా కలిపి సరుకు 700 అనుకోండి. చెడిపోయేవాటికి, అమ్ముడుపోకుండా మిగిలేవాటికి పది శాతం కలిపితే ధర 5,900 దగ్గర ఆగుతుంది.

దాన్నే చాలామంది 1,800కి ఇచ్చేస్తారు. సరుకు 700 కదా, రెండున్నర రెట్లు వచ్చిందని సంబరం. సరుకు తీసేస్తే గంటకు 79 రూపాయలు కూడా పడలేదు. అన్నట్టు, పైన చెప్పిన 14 గంటల్లో మెషిన్ తిరిగేది గట్టిగా గంటన్నర. ఖరీదైన మెషిన్ కొంటే పని రెట్టింపవుతుందన్న ఆశ అక్కడే తేలిపోతుంది. మామూలు స్ట్రెయిట్ స్టిచ్ మెషిన్, 16 నంబరు సూది, రెండున్నర మిల్లీమీటర్ల కుట్టు సరిపోతాయి.

అపోహ: బేగంబజార్ హోల్‌సేల్ ధరతో పోటీ పడాలి

పడకూడదు. 2020లో బొమ్మల మీద దిగుమతి సుంకం 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు. అయినా హోల్‌సేల్ టెడ్డీ ధర చేతిపని దరిదాపుల్లోకి రాలేదు. దిగుమతి బొమ్మల జాగాలో ఇప్పుడు ఎక్కువగా మన ఫ్యాక్టరీల సరుకే ఉంది. 300 రూపాయల బొమ్మ కోసం వచ్చిన మనిషికి మన బొమ్మ అక్కర్లేదు. వాళ్లకు నచ్చజెప్పబోతే రోజూ ఆర్డర్లకు, ప్యాకింగుకు పోయే ఆ రెండు గంటలు నాలుగవుతాయి.

అపోహ: జర్మన్ మొహేర్ లేకపోతే అసలు బేర్ కాదు

మొహేర్ అంటే అంగోరా మేక వెంట్రుకలతో నేసిన ఫర్, వెనక నూలు నేత ఉంటుంది. మెరుపు, పట్టు, కత్తెరతో ముఖం చెక్కే వీలు, అన్నీ నిజమే. కానీ అది విదేశాల నుంచి తెప్పించుకోవాలి. సుంకంతో కలిపి ఒక్క బొమ్మ సరుకే వేలల్లోకి పోతుంది. మొదటి 20, 30 బొమ్మలు దాని మీద నేర్చుకోవడం దుబారా. సింథటిక్ ఫర్‌లో మంచిది ఎంచుకోవడం తెలిస్తే చాలు. వెనక్కి తిప్పి రెండు చేతులతో అడ్డంగా లాగండి. సాగిందంటే కూరినప్పుడు పొట్ట ఒకవైపు ఉబ్బుతుంది. అంచును వేలితో గీకండి, వెంట్రుకలు కుచ్చులుగా ఊడితే వదిలేయండి.

కత్తిరించేటప్పుడు రెండు తప్పులు ప్రతి కొత్తవాళ్లూ చేస్తారు. ఒకటి, బట్టను మడిచి జంటగా కత్తిరించడం. ఫర్‌ని ఒక పొరగానే, వెనకవైపు గీసుకుని, చిన్న కత్తెర మొనతో నేత మాత్రమే తెగేలా కోయాలి. వెంట్రుకలు తెగితే కుట్టు దగ్గర బోడి గీత కనిపిస్తుంది. రెండు, ప్యాటర్న్‌ని తిరగేయడం మరిచిపోయి రెండూ ఎడమచేతులే కోసేయడం. ప్రతి అట్టముక్క మీద ఫర్ వాలు చూపే బాణం గుర్తు, 'కుడి', 'ఎడమ' అని రాసి పెట్టుకోండి.

దూది గురించి ఒక మాట. బూరుగు దూది, పత్తి సహజమైనవని వాడతారు. రానురాను అవి ఉండలు కడతాయి, పత్తి వానాకాలంలో చెమ్మ పీలుస్తుంది, గింజ మిగిలితే పురుగు పడుతుంది. రిక్రాన్‌కి ఆ బాధ లేదు. బరువు కావాలంటే కడుపులో విడి సంచి కుట్టి అందులో గాజు పూసలు పోయాలి. వదులుగా పోస్తే ఏదో ఒక కుట్టులోంచి కారతాయి.

అపోహ: జాయింట్ అంటే బోల్టు బిగించడమే

బొమ్మ వెనక్కి రావడానికి ఎక్కువగా కారణమయ్యేది మెడ. అందుకే ఇక్కడ కాస్త నెమ్మదిగా చెబుతాం.

ఒక్కో జాయింట్‌కి రెండు డిస్కులు, రెండు వాషర్లు, ఒక పిన్ కావాలి. తల, రెండు చేతులు, రెండు కాళ్లకు ఐదు సెట్లు. 14 అంగుళాల బొమ్మకు మెడకు 45, చేతులకు 40, కాళ్లకు 50 మిల్లీమీటర్ల డిస్కులు సరిపోతాయి. పిన్ కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో స్ప్లిట్ పిన్ అని అడగాలి. టెడ్డీ పిన్ అంటే వాళ్లకు అర్థం కాదు. ఇనుపది వద్దు, తుప్పు పట్టి ఏడాదికల్లా మెడ దగ్గర గోధుమరంగు మరక పైకి తేలుతుంది.

తలను ముందు రాయిలా కూరాలి. ముక్కు మీద బొటనవేలితో నొక్కితే సొట్ట పడకూడదు. పిన్‌కి వాషర్, ఆపై డిస్కు ఎక్కించి, డిస్కును మెడ రంధ్రంలో కూర్చోబెట్టి, పిన్ కాళ్లు బయటికి ఉంచాలి. మెడ అంచు చుట్టూ మైనం పూసిన గట్టి దారంతో కుట్టి, అంచు ముడుచుకునేలా లాగి, రెండు మూడు చుట్లు అడ్డంగా తిప్పి ముడేయాలి. ఒంటికి రంధ్రం కత్తెరతో చేయకండి. చెప్పులు కుట్టే ఆరెతో గుచ్చితే నేత పోగులు పక్కకు జరుగుతాయి, తెగవు. పిన్ లోపలికి దించి, రెండో డిస్కు, వాషర్ వేసి, నోస్ ప్లయర్‌తో పిన్ కాళ్లను చెరోవైపు ప్రశ్నార్థకంలా చుట్టి వాషర్ మీద నొక్కాలి.

బిగువు ఎంత ఉండాలి? తల తిప్పడానికి మణికట్టు బలం వాడాల్సినంత. ఇంత గట్టిగానా అనిపిస్తుంది. కానీ బట్ట, కూరు రెండూ రోజులు గడిచేకొద్దీ అణుగుతాయి. ఈ రోజు 'సరిగ్గా' తిరిగే తల ఆర్నెల్లకు వాలిపోతుంది. అప్పుడు వీపు కుట్టు విప్పి, కూరంతా తీస్తే గాని ప్లయర్ అందదు.

అపోహ: మెమరీ బేర్‌కి బట్ట వాళ్లే ఇస్తారు, కాబట్టి చవకగా చేయాలి

ఈ నగరంలో నెలనెలా నిలకడగా ఆర్డర్లు తెచ్చే పని ఇదే. పాపాయి తొలి ఏడాది గౌన్లు, అమ్మమ్మ చీర, పోయిన తాతయ్య లాల్చీ, ఇలా గుర్తుగా దాచుకున్న బట్టలతోనే కుట్టే బేర్. జాయింట్లు లేకుండా చేస్తే ఏడు గంటల్లో అవుతుంది. అదే గంట రేటుకి కూలీ 2,330, ఫ్యూజింగు (బట్ట వెనక ఇస్త్రీతో అంటించే గుడ్డ), కూరు, కళ్లు, డబ్బా 450, పది శాతం కలిపితే 3,060 దగ్గర తేలుతుంది. నెలకు ఇరవై. 5,900 చెప్పినప్పుడు ఆలోచిస్తామని వెళ్లేవాళ్లు 3,060కి అడ్వాన్స్ ఇచ్చేస్తారు.

బట్ట ఖర్చు మిగిలినట్టు కనిపిస్తుంది గానీ, తప్పు జరిగితే బదులు బట్ట ప్రపంచంలో ఎక్కడా దొరకదు. ఆ భారానికీ ధర ఉండాలి.

టీషర్టు, స్వెట్టరు లాంటి సాగే బట్టకు వెనక నేత ఫ్యూజింగు అంటించకపోతే బేర్ కాస్తా గుమ్మడికాయ అవుతుంది. కాటన్ లాల్చీ చాకింట్లో నలిగి పలచబడి ఉంటుంది, దానికీ అంతే. పట్టుచీర వేరే కథ. ఏళ్ల తరబడి ఒకే మడత మీద బీరువాలో ఉన్న చీర ఆ గీత వెంట చిట్లుతుంది. వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే మడతల దగ్గర సన్నని చీలికలు కనిపిస్తాయి. ముక్కలన్నీ మడతలు తప్పించి గీయాలి. ఫ్యూజింగు అంటించేటప్పుడు ఇస్త్రీపెట్టె తక్కువ వేడి మీద, మధ్యలో పలచటి నూలు గుడ్డ వేసి, జరపకుండా నొక్కాలి. అంతకుముందు కుచ్చిళ్ల లోపలి కొసలో రెండంగుళాల ముక్క మీద చూసుకోవాలి. జరీ అంచు పాదాలకు, చెవుల లోపలికి బాగుంటుంది, ముఖానికి వద్దు. గుండ్రటి వంపులో జరీ విరిగి పోగులు లేస్తాయి.

కత్తెర పెట్టేముందు బట్టల మీద అట్టముక్కలు పేర్చి ఫొటో తీసి పంపండి. ఏ బట్ట చెవికి, ఏది పొట్టకు, జేబు ఉంచాలా, గుండీలు ఎక్కడ, మిగిలిన ముక్కలు తిరిగివ్వాలా అన్నీ రాతలో ఒప్పించుకోవాలి. 'మీ ఇష్టం' అన్నవాళ్లే తర్వాత జేబు ఏదమ్మా అని అడుగుతారు. ఉతకమని కూడా ముందే అడగాలి. ఒకవేళ పోయినవాళ్ల వాసన పోకూడదని అంటే ఉతక్కుండానే తీసుకోండి, విడి కవర్లో పెట్టండి.

అపోహ: చేత్తో చేసిన బొమ్మకు ఐఎస్ఐ గొడవ లేదు

ఉంది. బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి, మెత్తటి బొమ్మలకూ వర్తిస్తుంది. మినహాయింపు చేతిపనికి కాదు, కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే వస్తువులకు. కాబట్టి మొదట చేయాల్సిన కాగితం పని ఆ గుర్తింపు కార్డు.

'ఇది అలంకరణ వస్తువు, పిల్లలకు కాదు' అని చీటీ కుట్టేసి తప్పించుకుందామనుకుంటారు. పెద్దవాళ్లు షెల్ఫులో పెట్టుకునే గాజుకళ్ల బేర్‌కి అది న్యాయమే. మొదటి పుట్టినరోజు కానుకగా అమ్ముతూ ఆ చీటీ కుడితే ఎవరూ నమ్మరు. కార్డు ఉన్నా పసిబిడ్డ గొంతుకి మినహాయింపు లేదు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో విడివడే ఏ భాగమూ 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పరీక్ష గొట్టంలో పట్టేంత చిన్నది కాకూడదు. అంటే గాజు కళ్లు, గుండీలు, పూసలు వద్దు. కళ్లు, ముక్కు దారంతో కుట్టేయండి, జాయింట్లూ మానేయండి.

జీఎస్టీ సంగతి తేలిక. తెలంగాణలో సరుకు అమ్మేవాళ్లకు నమోదు పరిమితి ఏడాదికి 20 లక్షలు. పక్క రాష్ట్రాలవాళ్లకు చెప్పే 40 లక్షలు ఇక్కడ వర్తించవు. పై లెక్కలో నెలకు ఇరవై మెమరీ బేర్లు చేసినా ఏడాదికి ఏడున్నర లక్షలు దాటదు.

అపోహ: నుమాయిష్‌లో స్టాల్ దొరికితే దశ తిరుగుతుంది

నాంపల్లిలో ఏటా జరిగే ఈ ప్రదర్శన మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా, 46 రోజులు. రోజుకు మూడే అమ్ముడుపోతాయనుకున్నా 138 బొమ్మలు కావాలి. నెలకు పది జాయింటెడ్ బేర్లు చేసే మనిషికి అది ఏడాది పైబడిన పని. పైగా ఆ నెలన్నరా కుట్టు ఆగిపోతుంది. ఒకటి రెండు రోజుల చేతిపనుల సంతలు ఒంటరిగా చేసేవాళ్లకు నయం. అక్కడికి నాలుగైదు నమూనాలు, ఆర్డరు పుస్తకం పట్టుకెళ్లాలి.

అపోహ: విదేశీ కలెక్టర్లు లక్షలు పోస్తారు

1994లో లండన్‌లో క్రిస్టీస్ వేలంలో ఒక బేర్ 1,10,000 పౌండ్లకు పోయింది. అది 1904 నాటి, జర్మనీ కంపెనీ స్టైఫ్ చేసిన బొమ్మ, పేరున్న కలెక్టర్ దగ్గర జీవితమంతా ఉన్నది. మన బొమ్మకు ఆ ధరతో సంబంధం లేదు. విదేశాల్లో కొనేవాళ్లు ఉన్నారు, వాళ్లు వీపు మీద కుట్టు చూసి కొంటారు. పంపాలంటే ఐఈసీ (ఎగుమతి దిగుమతి కోడ్) నంబరు తీసుకోవాలి, రుసుము 500. అమెరికా 800 డాలర్లలోపు పార్సిళ్లకు ఇచ్చిన సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. ధర చెప్పేటప్పుడే సుంకం ఎవరిదో రాయకపోతే పార్సిల్ తిరిగొస్తుంది, రానూపోనూ ఖర్చు మనదే.

అపోహ: రిపేర్లు చిల్లర పని

కొత్త ఆర్డర్లు సన్నగిల్లే నెలల్లో నిలబెట్టేది ఇదే. ఊడిన కన్ను, కారుతున్న కూరు, వాలిన మెడ. ఫొటో చూసి ధర చెప్పకండి. విప్పి చూసే రుసుము విడిగా తీసుకోండి, ఎందుకంటే పాత బొమ్మ లోపల ఫోము ఉంటే పొడై ఉంటుంది, బట్ట కుట్టుకే చిరిగిపోతుంది. లోపల హార్డ్‌బోర్డ్ డిస్కులున్నాయేమో కదిపి చూసి గాని నీళ్లలో పెట్టకూడదు, ఒకసారి ఉబ్బాయంటే మార్చాల్సిందే. పాత కూరులో ఒక పిడికెడు చిన్న గుడ్డలో కట్టి మళ్లీ గుండె దగ్గరే పెట్టండి. పెట్టామని బిల్లు మీద రాయండి.