లేబర్ కోర్టుకు కార్మికుడు ఒక్కడే వెళ్లగలిగే దాకా

మా పెదనాన్న దగ్గర ఒక రెక్సిన్ సంచి ఉండేది. అందులో ఛార్జిషీటు, దానికి ఆయన రాసిచ్చిన సంజాయిషీ, ఎంక్వయిరీ కాగితాలు, అన్నిటికంటే అడుగున డిస్మిస్ ఆర్డరు. మడతల దగ్గర చిరిగిన చోటల్లా వెనక తెల్లకాగితం ముక్కలు అన్నంమెతుకులతో అంటించి ఉండేవి. ఒక మిల్లులో ఫిట్టరుగా చేసేవాడాయన. సూపర్‌వైజరుతో మాటా మాటా పెరిగి 1983లో ఉద్యోగం పోయింది. ఆ తర్వాత రెండేళ్లు ఆయన ఎదురుచూసింది కోర్టు తీర్పు కోసం కాదు, అసలు కేసు కోర్టుకు పంపుతూ ప్రభుత్వం ఇవ్వాల్సిన ఒక కాగితం కోసం. దాన్ని రిఫరెన్స్ అంటారు.

ఇప్పుడు ఉద్యోగం పోయినవాళ్లు "నేను నేరుగా కేసు వేయొచ్చా?" అని అడుగుతుంటే నాకు ఆ సంచే గుర్తొస్తుంది. వేయొచ్చు. కానీ ఆ మాట అనగలిగే దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది, అందులో మన రాష్ట్రం వేసిన అడుగు ఒకటి ఉంది, అది చాలామందికి తెలియదు.

మొదటికి వెళితే, 1929 నాటి ట్రేడ్ డిస్ప్యూట్స్ చట్టంలో విచారణ చేయడానికో రాజీ కుదర్చడానికో మనుషుల్ని వేసే ఏర్పాటు ఉండేది గానీ వాళ్లు చెప్పింది యజమాని వినితీరాలని ఎక్కడా లేదు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఫ్యాక్టరీల్లో సమ్మెలు జరిగితే యుద్ధానికి సరుకు ఆగుతుందని బ్రిటిష్ ప్రభుత్వానికి భయం పట్టుకుంది. 1942లో డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్‌లో 81ఏ అనే నిబంధన చేర్చి, సమ్మెల్ని ఆపే అధికారం, గొడవను తనే తీర్పుకు పంపే అధికారం, ఆ తీర్పును అమలు చేయించే అధికారం అన్నీ తన చేతిలో పెట్టుకుంది. యుద్ధం అయిపోయింది కానీ ఆ పద్ధతి పోలేదు. 1947 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక వివాదాల చట్టం పదో సెక్షన్‌లో అదే కొనసాగింది: వివాదాన్ని కార్మిక గొడవల మీద తీర్పు చెప్పే ట్రిబ్యునల్‌కు పంపాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇష్టం. మా పెదనాన్న ఎదురుచూసిన కాగితం యుద్ధకాలపు అవసరం కోసం పుట్టిన అధికారం నుంచి వచ్చిందని ఆయనకు తెలిసి ఉండదు.

ఈ పద్ధతి మొదటినుంచీ నచ్చని పెద్దమనిషి మన వి.వి.గిరి. రైల్వే కార్మికోద్యమంలోంచి వచ్చినాయన, 1952లో పాతపట్నం నుంచి గెలిచి కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. యూనియన్లు, యజమానులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలి తప్ప ప్రతిదానికీ ట్రిబ్యునల్ మెట్లెక్కితే యూనియన్లు బలహీనపడతాయని ఆయన వాదన. అప్పట్లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ అని పైన ఇంకొకటి ఉండేది, 1950లో పెట్టారు, 1956లో తీసేశారు. బ్యాంకు ఉద్యోగుల విషయంలో అది ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేసినప్పుడు గిరిగారు 1954లో మంత్రి పదవికి రాజీనామా చేసి బయటికి వచ్చేశారు. ట్రిబ్యునళ్ల పద్ధతి మీద నమ్మకం లేకపోయినా, తీర్పంటూ ఇచ్చాక ప్రభుత్వమే దాన్ని కాదంటే ఊరుకోలేకపోయారు. ఆ నిజాయితీ నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

సరే, యూనియన్ల సంగతి అది. ఒంటరివాడి సంగతేంటి? చట్టం మొత్తం కార్మికుల సమూహాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఒక్క మనిషిని తీసేస్తే అది అతని సొంత గొడవే తప్ప పారిశ్రామిక వివాదం కాదు, యూనియనో, చెప్పుకోదగ్గ సంఖ్యలో తోటి కార్మికులో దాన్ని తమ గొడవగా ఎత్తుకుంటేనే అవుతుంది అని 1957లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే యూనియన్ నాయకుడితో పడనివాడికి, యూనియనే లేని చిన్న ఫ్యాక్టరీలో చేసేవాడికి దారి మూసుకున్నట్టే. 1965లో 2ఏ సెక్షన్ తెచ్చి, డిస్మిస్, డిశ్చార్జి, రిట్రెంచ్‌మెంట్ (మనుషులు ఎక్కువయ్యారని తీసేయడం) లాంటివి ఒక్కడికి జరిగినా పారిశ్రామిక వివాదమే అన్నారు. పెద్ద మార్పే, కానీ సగమే. ప్రభుత్వం తరఫున మధ్యవర్తిగా ఉండే కన్సిలియేషన్ ఆఫీసర్ ముందు రాజీ కుదరకపోతే ఆయన ఫెయిల్యూర్ రిపోర్టు పంపాలి, ఆ ఫైలు సెక్రటేరియట్‌లో ఎవరి బల్ల మీదో కూర్చోవాలి, వాళ్లు సరే అంటేనే రిఫరెన్స్. పెదనాన్న ఇరుక్కుంది సరిగ్గా అక్కడే.

1987లో ఆంధ్రప్రదేశ్ ఆ రెండో సగాన్ని పూర్తి చేసింది. కేంద్ర చట్టానికి రాష్ట్ర సవరణగా 32వ నంబరు చట్టం తెచ్చి, 2ఏలో ఇంకో ఉపవిభాగం చేర్చి, ఉద్యోగం నుంచి తీసేసిన కార్మికుడు రిఫరెన్స్‌తో పనిలేకుండా నేరుగా లేబర్ కోర్టులో దరఖాస్తు వేసుకోవచ్చని రాసింది. గుంటూరులో, విశాఖలో, అనంతపురంలో, వరంగల్‌లో, గోదావరిఖనిలో లేబర్ కోర్టుల ముందు ఎంతమంది కండక్టర్లు, మిల్లు కార్మికులు ఈ ఒక్క వాక్యం పట్టుకుని నిలబడ్డారో. కేంద్రం ఇలాంటి హక్కును దేశమంతటికీ ఇచ్చింది 2010లో, అంటే 23 ఏళ్ల తర్వాత. అదీ రాజీ ప్రయత్నానికి 45 రోజులు ఆగాక, తీసేసిన మూడేళ్ల లోపు అన్న షరతులతో. పేపర్లో 1987 వార్త చదివి పెదనాన్న "నాలుగేళ్లు ముందొస్తే ఏం పోయింది" అన్నాడట, మా నాన్న ఇప్పటికీ చెబుతాడు.

కోర్టులోకి వెళ్లాక జడ్జి ఏం చేయగలడన్నదీ మారుతూ వచ్చింది. మొదట్లో, కక్ష సాధింపు ఉందనో ఎంక్వయిరీ న్యాయంగా జరగలేదనో తేలితే తప్ప యజమాని వేసిన శిక్ష జోలికి ట్రిబ్యునల్ వెళ్లడానికి లేదు. 1971లో వచ్చిన 11ఏ సెక్షన్‌తో తప్పు నిజమే అయినా దానికి ఉద్యోగం పీకేయడం ఎక్కువ శిక్ష అనిపిస్తే తగ్గించి, తిరిగి పనిలోకి తీసుకోమని చెప్పే అధికారం వచ్చింది. ఇంకో మంచి సంగతి, ఎదుటి పక్షం ఒప్పుకుని, కోర్టు అనుమతిస్తే తప్ప లాయర్లు వాదించడానికి లేదు, యూనియన్ నాయకుడే కార్మికుడి తరఫున నిలబడొచ్చు.

ఇన్ని ఉన్నా మనిషిని తినేసేది ఆలస్యం. కేసు అసలు విషయంలోకి వెళ్లకుండా ఇతను వర్క్‌మన్ (చట్టం ప్రకారం కార్మికుడు) కిందికి రాడు అని ఒక అభ్యంతరం, మాది పరిశ్రమే కాదు అని ఇంకోటి, ఒక్కోదాని మీదా హైకోర్టు దాకా, అక్కణ్ణుంచి సుప్రీంకోర్టు దాకా. 1983లో డి.పి.మహేశ్వరి కేసులో జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి, మన తెలుగువారే, దీని మీద గట్టిగా రాశారు. ఉద్యోగం లేని కార్మికుడు కోర్టు నుంచి కోర్టుకు తిరగలేడని, ట్రిబ్యునళ్లు ఇలాంటి అభ్యంతరాల్ని విడిగా ముందు తేల్చకుండా అన్నీ కలిపి ఒకేసారి తేల్చాలని ఆ తీర్పు సారాంశం. ఆ మరుసటి ఏడాది 17బి సెక్షన్ అమల్లోకి వచ్చింది: తిరిగి తీసుకోమన్న తీర్పు మీద యజమాని పైకోర్టుకు వెళితే, అక్కడ తేలేదాకా కార్మికుడికి చివరిసారి తీసుకున్న జీతం ఇస్తూ ఉండాలి, తాను వేరే ఎక్కడా పని చేయడం లేదని అతను అఫిడవిట్ వేయాలి.

2025 నవంబర్ 21 నుంచి 1947 చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. ఇలాంటి కేసుల్లో ప్రభుత్వ రిఫరెన్స్ అన్న పద్ధతే పోయింది, అది మంచిదే. లేబర్ కోర్టులు, ట్రిబ్యునళ్లు అని రెండు రకాలు కాకుండా ఇద్దరు సభ్యుల ట్రిబ్యునల్ అంటోంది, అందులో ఒకరు న్యాయ సభ్యుడు, ఇంకొకరు పరిపాలన వైపు నుంచి. 45 రోజులు ఆగి నేరుగా వెళ్లే హక్కు ఉంది. కానీ మూడేళ్ల గడువు రెండేళ్లకు తగ్గింది. డిస్మిస్ ఆర్డరు చేతికొచ్చినవాళ్లు మేనేజ్‌మెంటు మళ్లీ పిలుస్తుందేమో, ఎవరైనా మాట సాయం చేస్తారేమో అని తిరుగుతూ ఏడాదిన్నర ఇట్టే గడిపేస్తారు, నేను చూశాను. ఆర్డరు మీద ఉన్న తేదీ ముందు రాసి పెట్టుకోండి, కన్సిలియేషన్ ఆఫీసర్‌కు దరఖాస్తు ఇచ్చి దాని నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. పెదనాన్న సంచిలో అలాంటి ముద్ర ఉన్న కాగితం ఒక్కటే మడత నలగకుండా ప్లాస్టిక్ కవర్లో ఉండేది.