మూసీ వరదలు, పురానాపూల్ రిపేర్లు: 1578 నుంచి ఇప్పటిదాకా

మూసీ పొంగిందంటే చాలు, పాతబస్తీలో ముందు వినపడే ప్రశ్న మూసీ మీది పాత రాతి వంతెన పురానాపూల్ దగ్గర నీళ్ళు ఎంతదాకా వచ్చాయని. 2020 అక్టోబర్ వరద తగ్గాక పిల్లర్ దెబ్బతిందని వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 2025 సెప్టెంబర్ చివర్లో ఎగువన ఉన్న జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తితే ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకే నీళ్ళొచ్చేశాయి, అప్పుడు కూడా అదే టెన్షన్. ఈ వంతెన ఇన్ని వరదలు ఎట్లా తట్టుకుంది, దెబ్బతిన్నప్పుడల్లా ఎవరు బాగుచేయించారు అన్నది తెలిస్తేనే ఇప్పుడు చేయాల్సిన రిపేర్ ఏంటో తెలుస్తుంది.

కట్టించింది గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా, 1578లో. అంటే చార్మినార్ కంటే 13 ఏళ్ళు ముందు, అప్పటికి హైదరాబాద్ నగరమే లేదు. భాగమతి కోసం యువరాజు వరదలో గుర్రం దూకిస్తే తండ్రి భయపడి వంతెన కట్టించాడని అందరం చిన్నప్పట్నుంచి విన్నదే, కానీ 1578 నాటికి ఆ యువరాజు మహమ్మద్ కులీకి పన్నెండో పదమూడో ఏళ్ళు, కాబట్టి ఆ కథ నాకైతే నమ్మబుద్ధి కాదు. గోల్కొండ నుంచి కార్వాన్ మీదుగా మచిలీపట్నం రేవు వైపు పోయే సరుకుకి మూసీ అడ్డం, వానాకాలంలో బళ్ళు దాటలేవు, అసలు కారణం అదే అయ్యుంటుంది. 22 కమాన్లు, దాదాపు 600 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు, మొత్తం రాతి కట్టడం. ఫ్రాన్స్ నుంచి వచ్చిన వజ్రాల వ్యాపారి టావెర్నియే దీన్ని చూసి పారిస్‌లోని పాంట్ న్యూఫ్ వంతెనకి పెద్దగా తీసిపోదని రాసుకున్నాడు.

1820 వరదలో వంతెన దెబ్బతింటే అదే ఏడాది మూడో నిజాం సికిందర్ జా బాగుచేయించాడు. నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఆ "అదే ఏడాది" అన్న మాటే. రాతి కమాను వంతెనలో ఒక రాయి జారితే దాని బరువు పక్క రాళ్ళ మీద పడుతుంది, అట్లా వదిలేస్తే వచ్చే వానాకాలానికి ఆ పక్కవి కూడా వదులవుతాయి, అందుకే ఇలాంటి రిపేర్ ఎంత ఆలస్యమైతే పని అంత పెరుగుతుంది.

తర్వాత 1908 సెప్టెంబర్ 28. ఆరోజు మూసీ తీసుకున్న ప్రాణాలు పదిహేను వేల దాకా ఉంటాయని అంచనా. చాదర్‌ఘాట్, అఫ్జల్, ముసల్లం జంగ్ వంతెనలు మూడూ పోయాయి, నది అటూ ఇటూ ఉన్న జనానికి మిగిలిన దారి ఇదొక్కటే. అన్నిటికంటే పాతదే నిలబడింది చూడండి! అలాగని దెబ్బ తగల్లేదని కాదు, దీనికీ తగిలింది, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో రిపేర్ చేశారు.

కానీ 1908 తర్వాత జరిగిన పెద్ద పని వంతెన మీద కాదు, ఎగువన. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు, ఆయన లెక్క తీస్తే మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే అందులో 221 తెగాయని తేలింది, అంటే ఒక చెరువు తెగి కింద చెరువు మీద పడి, అది తెగి ఇంకోదాని మీద పడి, ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా సిటీ మీదికొచ్చాయన్నమాట. ఆయన ఇచ్చిన ప్లాన్‌లోంచే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈ వందేళ్ళలో పురానాపూల్‌ని కాపాడిన వాటిలో ఆ రెండు జలాశయాల్ని కూడా లెక్కేయాలి.

ఇప్పటి సంగతికొస్తే, పక్కన కొత్త వంతెన వచ్చాక పాతదాని మీద కూరగాయల మార్కెట్ నడుస్తోంది. తోపుడుబళ్ళు, గోనెసంచులు, బేరాలు, ఆ రద్దీలో కింద కమాన్లున్నాయనే గుర్తుండదు. దాన్ని నమ్ముకుని బతికేవాళ్ళని నేనేం అనను. నా బాధంతా కింద ఏం జరుగుతోందో ఎవరూ పట్టించుకోకపోవడమే. వరద నీళ్ళు పిల్లర్‌కి కొట్టుకుని సుడి తిరిగి అడుగున మట్టిని తోడేస్తాయి, పైకి రాళ్ళన్నీ బాగానే కనపడుతుంటాయి కానీ పునాది పక్కన గుంట పడుంటుంది. కొట్టుకొచ్చిన చెత్త ఖానాలకి, అంటే కమాన్ల కింద నీళ్ళు పోయే దారులకి, అడ్డం పడితే మిగిలిన ఖానాల్లో వేగం పెరిగి ఆ తోడేయడం ఇంకా ఎక్కువవుతుంది. రాళ్ళ సందుల్లో ఒక్క రావి మొక్క మొలిచినా చాలు, పైన కొమ్మ నరికితే లాభం లేదు, వేరు లోపల లావెక్కుతూ రాయిని పక్కకి నెడుతూనే ఉంటుంది.

ఇంకోటి సిమెంట్. ఊడిన చోట సిమెంట్ పూసేయడం చాలా ఈజీ, పాత కట్టడాలన్నిటికీ మనవాళ్ళు చేసేది అదే. ఆ రోజుల్లో వాడింది గానుగ సున్నం, అంటే గానుగలో నూరిన సున్నం, అది చెమ్మని బయటికి వదుల్తుంది, రాయి కాస్త కదిలినా సర్దుకుంటుంది. సిమెంట్ అట్లా కాదు, చెమ్మని లోపలే బంధిస్తుంది, దాంతో కొన్నేళ్ళకి రాయి అంచులు పెచ్చులూడటం మొదలవుతుంది.

కాబట్టి మూసీ సుందరీకరణ అంటూ లైట్లు, రంగుల గురించి మాట్లాడేముందు ఎండాకాలంలో నీళ్ళు తక్కువున్నప్పుడు మురుగుని పక్కకి మళ్ళించి ప్రతి పిల్లర్ అడుగూ చూడాలి, పడిన గుంటలు రాళ్ళతో పూడ్చాలి, చెట్ల వేర్లు మొదలంటా తీసి సందుల్ని సున్నంతోనే నింపాలి, ఖానాల్లో పేరుకున్న మట్టీ చెత్తా ఎత్తేయాలి. ఇవన్నీ జూన్‌లో వానలు మొదలయ్యేలోపే అయిపోవాలి.