కార్చిచ్చు గురించి మన ఇళ్లలో వినే అపోహలు - వాస్తవాలు

కాలిఫోర్నియాలో ఇళ్లకు ఫైర్ ఇన్‌స్పెక్షన్ చేయడం నా ఉద్యోగం. కొండ పక్క కాలనీల్లో గడప గడపకూ తిరిగి, కార్చిచ్చు వస్తే ఈ ఇంటికి నిప్పు ఎక్కడ అంటుకుంటుందో చూసి చెప్తాను. తెలుగువాళ్ల ఇంటికి వెళ్తే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి బోలెడు ప్రశ్నలు అడుగుతారు. ఆ మాటల్లో పదే పదే వినపడే నమ్మకాలు కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మంట ఇంటిదాకా వస్తేనే ఇల్లు కాలుతుంది.

నేను పెరిగింది కృష్ణా జిల్లాలో. ఎండాకాలంలో ఊరికి ఆ చివర ఒక పాక అంటుకుంటే, రవ్వలు గాలికి ఎగిరొచ్చి, మధ్యలో మూడిళ్లు వదిలేసి నాలుగో ఇంటి కప్పు మీద పడేవి. ఇక్కడ జరిగేదీ అదే. గాలి బలంగా ఉంటే రవ్వలు మైలు దూరం దాటి కూడా పడతాయి. కార్చిచ్చులో పోయే ఇళ్లలో చాలావాటిని ముందుగా అంటించేది ఈ రవ్వలే. మన కప్పు పెంకులదే కావచ్చు, గోడ సిమెంటుదే కావచ్చు. రవ్వకి కావాల్సింది కప్పు అంచున వాననీటి గట్టర్‌లో గుప్పెడు ఎండుటాకులు, లేదా అటకలోకి దూరడానికి ఒక చిన్న సందు.

ఒక అక్టోబర్‌లో ఒకరింటికి వెళ్లాను. కొత్త కప్పు వేయించారు, చెట్ల కొమ్మలు కొట్టించారు. గుమ్మం దగ్గరికి వస్తే ఉగాదికి కట్టిన మామిడాకుల తోరణం ఇంకా వేలాడుతోంది. వేలితో తాకితే పొడిపొడిగా రాలింది. కింద కొబ్బరిపీచు డోర్‌మ్యాట్, పక్కన చెప్పుల స్టాండ్, దాని మీద ఖాళీ అట్టపెట్టెలు. ఇంటావిడకి అదంతా చూపించి, "ఇక్కడ ఒక్క రవ్వ పడితే చాలమ్మా, తలుపు అంటుకుంటుంది" అన్నాను. ఆవిడ అప్పటికప్పుడు స్టూలు వేసుకుని తోరణం విప్పేశారు.

గోడ నుంచి మొదటి 5 అడుగుల్లో కాలే వస్తువేదీ ఉండకూడదు. మొక్కల చుట్టూ పోసిన చెక్కపొట్టు తీసేసి గులకరాళ్లు పరవండి. అటక గాలి రంధ్రాలకు 1/8 అంగుళం లేదా అంతకన్నా సన్నటి కన్నాల లోహపు జాలీ పెట్టించండి. మంటల ముప్పున్న ప్రాంతాల్లో 100 అడుగుల దాకా ఎండుగడ్డి, పొదలు తగ్గించాలని చట్టమే ఉంది. ఆ 100 అడుగులకి వేల డాలర్లు ఖర్చుపెట్టి ఈ 5 అడుగులు వదిలేసేవాళ్లే ఎక్కువ. మీకు ఒక్క శనివారమే ఖాళీ ఉంటే గోడ దగ్గర మొదలుపెట్టండి.

అపోహ: మాది సిటీ, అడవి ఎక్కడో ఉంది.

శాంటా రోసాలో కాఫీ పార్క్ అనే కాలనీ ఉంది. చదునైన నేల, వరుసగా ఇళ్లు, కొండలకీ దానికీ మధ్య ఆరు లేన్ల హైవే 101. మంటల ముప్పు ఎక్కువున్న ప్రాంతంగా అప్పటి రాష్ట్ర మ్యాపులో దాన్ని చూపించలేదు. 2017 అక్టోబర్ 8 రాత్రి మొదలైన టబ్స్ ఫైర్ ఆ హైవే దాటి వచ్చి అక్కడ వెయ్యికి పైగా ఇళ్లను కాల్చేసింది. అంత వెడల్పు రోడ్డు కూడా రవ్వల్ని ఆపలేకపోయింది.

అపోహ: ఇంట్లోనే ఉండి కప్పు మీద నీళ్లు కొడితే ఇల్లు దక్కుతుంది.

పూరిళ్ల ఊళ్లలో పెరిగినవాళ్లకి ఈ ఆలోచన రావడం సహజం. అక్కడ పదిమంది బిందెలతో పరుగెత్తుకొచ్చేవాళ్లు, చెరువు పక్కనే ఉండేది. ఇక్కడ కరెంటు పోతుంది, పొగకి కళ్లు కనపడవు, వేడిగాలికి తడిపిన కప్పు కాసేపట్లోనే ఆరిపోతుంది. వీధంతా గార్డెన్ పైపులు విప్పితే ఫైర్ ఇంజన్‌కి అందాల్సిన నీటి ఒత్తిడి పడిపోతుంది. 2025 జనవరిలో లాస్ ఏంజిలస్ పాలిసేడ్స్ మంటల్లో ఎత్తు ప్రాంతాల హైడ్రెంట్లు, అంటే ఫైర్ ఇంజన్లు నీళ్లు పట్టే వీధి కొళాయిలు, ఎండిపోయాయి. స్ప్రింక్లర్లు కూడా కట్టేసి వెళ్లండి.

అపోహ: ఇల్లు ఖాళీ చేయమనే ఆర్డర్ వచ్చాక బయల్దేరితే సరిపోతుంది.

నాకు ఎక్కువ టెన్షన్ ఈ మాటతోనే. ఇవాక్యుయేషన్ వార్నింగ్ అంటే సర్దుకుని సిద్ధంగా ఉండమని, ముసలివాళ్లు, పిల్లలు, పెంపుడు జంతువులు ఉంటే అప్పుడే కదలమని. ఆర్డర్ అంటే ఉన్నపళంగా వెళ్లిపొమ్మని. ఈ రెండూ వరసగా వస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. 2025 జనవరి 7 సాయంత్రం ఆరు దాటాక లాస్ ఏంజిలస్ దగ్గర ఆల్టడీనా ఊరి పక్కన ఈటన్ ఫైర్ మొదలైంది. పశ్చిమ ఆల్టడీనాకి ఆర్డర్ వచ్చేసరికి తెల్లవారుజామున మూడు దాటింది. ఆ మంటల్లో పోయిన ప్రాణాల్లో దాదాపు అన్నీ అటువైపువే. 2018 నవంబర్ 8న ప్యారడైజ్ పట్టణంలోనైతే తెల్లవారే వేళ దగ్గర్లో మొదలైన మంట కొన్ని గంటల్లో ఊరినే తుడిచిపెట్టింది. ఆ క్యాంప్ ఫైర్‌లో 85 మంది చనిపోయారు, ఎక్కువమంది పెద్దవయసువాళ్లు.

కాబట్టి పొగ దగ్గరవుతుంటే, గాలి మీవైపు తిరిగితే, మనసుకి భయమనిపిస్తే బయల్దేరండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు. కౌంటీ అలర్ట్స్‌కి మీ నంబర్ మీరే రిజిస్టర్ చేసుకోవాలి. చాలా కౌంటీలు ఇవాక్యుయేషన్ జోన్లు చూపించడానికి వాడే జెనసిస్ ప్రొటెక్ట్ వెబ్‌సైట్‌లో మీ జోన్ నంబర్ చూసి ఫ్రిజ్ మీద అంటించుకోండి.

ఇప్పుడు అమ్మానాన్నల సంగతి. ఆరు నెలలకని వస్తారు. పిల్లలిద్దరూ ఆఫీసుకి, మనవలు స్కూలుకి వెళ్తే ఇంట్లో వాళ్లిద్దరే. కారు నడపరు, ఇంగ్లీషులో వచ్చే అలర్ట్ అర్థం కాదు. ఒకింట్లో తెనాలి నుంచి వచ్చిన బాబాయిగారిని గరాజ్‌లోకి తీసుకెళ్లి, "బాబాయిగారూ, కరెంటు పోతే ఈ తలుపు ఎలా తీస్తారు?" అని అడిగాను. ఆయన గోడ మీది బటన్ చూపించారు. పైన వేలాడే ఎర్ర తాడు లాగి, తలుపు రెండు చేతులతో ఎత్తాలని చూపించాను. మొదటిసారి కదల్లేదు. రెండోసారి లేచింది, ఆయన మొహం వెలిగిపోయింది. తర్వాత పిన్నిగారు ప్రయత్నించారు, ఆవిడ వల్ల కాలేదు. ఆ సంగతి ఆరోజే తెలియడం మంచిదైంది. పక్కింటి ఆవిడతో మాట్లాడి, అవసరమైతే వీళ్లిద్దరినీ తన కార్లో తీసుకెళ్లేలా ఒప్పందం చేసుకున్నారు. 2017 మంటల్లో కరెంటు లేక గరాజ్ తలుపులు తెరవలేక మనుషులు పోయాకే, 2019 జులై 1 నుంచి కాలిఫోర్నియాలో అమ్మే ప్రతి గరాజ్ ఓపెనర్‌కీ బ్యాటరీ ఉండాలని చట్టం వచ్చింది. పాత ఇళ్లలో చాలావాటికి ఇప్పటికీ లేదు.

అపోహ: కాగితాలన్నీ ఫైర్‌ప్రూఫ్ బాక్స్‌లో ఉన్నాయి, భయం లేదు.

ఇళ్లలో ఉండే మామూలు బాక్సులు అరగంటకో, గంటకో పరీక్షించినవి. కూలిన ఇల్లు గంటల తరబడి కాలుతూనే ఉంటుంది. పాస్‌పోర్టులు, ఐ-797 వీసా నోటీసులు, ఓసీఐ కార్డులు, బర్త్ సర్టిఫికెట్లు, పెద్దవాళ్ల బీపీ, షుగర్ మందులు ఒకే బ్యాగులో తలుపు పక్కన ఉండాలి. స్కాన్ కాపీలు ఆన్‌లైన్‌లో పెట్టుకోండి. బంగారం బ్యాంకు లాకర్లో ఉంటే దానికోసం వెతుకుతూ పది నిమిషాలు పోగొట్టుకునే పని ఉండదు. అద్దె ఇళ్లవాళ్లకి ఒక మాట: ఓనర్ ఇన్సూరెన్స్‌లో మీ సామాన్లు ఉండవు, రెంటర్స్ ఇన్సూరెన్స్ మీరే తీసుకోవాలి.

అపోహ: ఇల్లు నిలబడింది కాబట్టి వెళ్లి తుడుచుకుంటే చాలు.

ఇళ్లు కాలిన బూడిదలో సీసం, పాత ఇళ్లవైతే ఆస్‌బెస్టాస్ కూడా ఉండొచ్చు. పొడి చీపురుతో ఊడిస్తే అదంతా గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఎన్95 మాస్క్, గ్లౌజులు వేసుకుని తడిగుడ్డతో తుడవాలి. పిల్లల్ని అప్పటిదాకా తీసుకురాకండి. తుడవడం మొదలుపెట్టేముందే ప్రతి గదినీ వీడియో తీయండి, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి కావాలి. టబ్స్, క్యాంప్ ఫైర్ల తర్వాత మంచినీటి పైపుల్లో బెంజీన్ అనే క్యాన్సర్ కారక రసాయనం బయటపడింది. మరగబెడితే అది పోదు, ఆ ఆవిరి పీల్చినా ప్రమాదమే. నీళ్ల సంస్థ బాగున్నాయని చెప్పేదాకా వంటకీ తాగడానికీ సీసా నీళ్లే.

వంటింట్లోకి వచ్చేసరికి ప్రతి ఇంట్లో ఆగిపోయేది ఒక్కచోటే, ఊరి నుంచి అమ్మ పంపిన ఆవకాయ సీసా దగ్గర. "మూత గట్టిగానే ఉందండీ" అంటారు. వేడి, పొగ తగిలితే మరమూత సందుల్లోంచి లోపలికి చేరుతుంది. బియ్యం సంచి, పప్పుల ప్యాకెట్లతో పాటు అది కూడా పారేయాల్సిందే. నేను ఆ సీసా చేతిలోంచి లాక్కోను. ఆవిడ తనంతట తాను చెత్త సంచిలో వేసేదాకా పక్కనే నిలబడతాను.