బీడులో కొత్త గడ్డి: అపోహలు - వాస్తవాలు

విశాఖ దగ్గర ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు పశువైద్యం చేసే నాకు తొలకరి ముందు వచ్చే ఫోన్లు చాలావరకు గడ్డి విత్తనం గురించే. రెండు మూడు పశువులు, ఎకరం లోపు మెట్ట బీడు ఉన్నవాళ్లు చేస్తారు. అడిగేవీ దాదాపు అవే మాటలు.

అపోహ: సూపర్ నేపియర్ వేస్తే ఏ బీడైనా బాగుపడుతుంది.

నేపియర్ ఏపుగా పెరిగే మేత గడ్డి, మంచిదే. కానీ దానికి నీళ్లూ ఎరువూ కావాలి, కోసి వేసే మనిషీ కావాలి. బోరున్న చోట వేసుకోండి. కొండవార ఎర్రనేలలో, వానే దిక్కైన చోట, అందులోనూ పశువుల్ని తోలి మేపే చోట అది నిలబడదు. అక్కడికి అంజన్ గడ్డి, స్టైలో జోడీ మేలు. అంజన్ కరువుకు ఓరుస్తుంది. స్టైలో పప్పుజాతి మొక్క, గాలిలోని నత్రజనిని నేలకి పడుతుంది. జీడి, మామిడి తోటల నీడలో గినీ గడ్డి, గెడ్డ (వాగు) పక్కన నీరు నిలిచే చోట పారా గడ్డి వేసుకోవచ్చు.

అపోహ: వాన పడగానే విత్తనం చల్లేస్తే చాలు.

స్టైలో గింజ పెంకు గట్టిది. మరిగించి కాస్త చల్లార్చిన నీళ్లలో (80 డిగ్రీలు) 4-5 నిమిషాలు ఉంచి, ఆపైన రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టాలి. అంజన్ అయితే కొత్త గింజ సరిగా మొలవదు, కోశాక ఆరేడు నెలలు నిలవ చేసినదే అడిగి తీసుకోండి. ఆ గింజకి నూగు ఉంటుంది కాబట్టి తడి మట్టిలో కలిపి చల్లాలి. సెంటీమీటరు లోతు దాటితే పైకి రాదు.

అపోహ: మొలిచింది మేపకపోతే దండగ.

నా పోరంతా దీనిమీదే. కొత్త గడ్డి పోయేది ఎండకన్నా పశువు పంటి వల్లే ఎక్కువ. కొరికిన గడ్డి వేరులో దాచుకున్న బలంతో చిగురు వేస్తుంది. ఆ ఆకు ఎదిగి వేరుకి బాకీ తీర్చేలోపే మళ్లీ కొరికితే వేరు క్షీణిస్తుంది. పశువు ఏరి తినేది మంచి గడ్డినే కాబట్టి ముందు చచ్చేదీ అదే. ఖాళీ అయిన జాగాలో వయ్యారిభామ కలుపు దిగుతుంది. అందుకే మొదటి ఏడాది పశువుని దింపొద్దు. గింజ రాలనిచ్చి, కొడవలితో కోసి వేయండి. రెండో ఏటి నుంచి బీడుని మూడు నాలుగు ముక్కలు చేసి వంతులవారీగా మేపండి. బెత్తెడు మోడు మిగిలుండగానే పశువుని పక్క ముక్కకి తోలేయాలి.

"ఊరి మేకలొస్తే ఏం చేస్తాం బాబూ?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. బందిలదొడ్డి లేని ఊళ్లో ఒక్కడే కాపలా కాయలేడు. పక్క పక్క రైతులు కూడి ఒకే వైపున్న బీడులన్నీ మేతకి మూసుకుంటే పని సులువు. గట్టు మీద గ్లైరిసీడియా కొమ్మలు నాటితే బతికే కంచె అవుతుంది.

అపోహ: స్టైలోతో కడుపుబ్బరం వస్తుంది.

అది లూసర్న్ అనే మేత‌తో వచ్చే బాధ, స్టైలోకి అంటగట్టారు. మొదట్లో పశువుకి రుచించకపోవచ్చు, వరిగడ్డిలో కలపండి. భయపడాల్సింది వానలేక వాడిన లేత జొన్నకి, జొన్న మోళ్ల చిగురుకి. వాటిలో సైనైడ్ విషం ఉంటుంది, ప్రాణం తీస్తుంది.

అపోహ: యూరియా వేస్తే బీడు తొందరగా పచ్చబడుతుంది.

పచ్చబడేది అంజన్ ఒక్కటే. అది ఏపుగా లేచి స్టైలోని అణిచేస్తుంది. జోడీ నిలవాలంటే దుక్కిలో సూపర్ ఫాస్ఫేట్, పశువుల ఎరువు వేయండి. యూరియా నేపియర్ మడికి ఉంచుకోండి.