పొట్టకు గొట్టం: పెగ్ ట్యూబ్‌పై అపోహలు, వాస్తవాలు

గ్యాస్ట్రో వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. పక్షవాతంతో మింగలేకపోతున్న పెద్దాయనకు పెగ్ ట్యూబ్ (పొట్ట మీద నుంచి నేరుగా జీర్ణాశయంలోకి ఆహారం పంపే గొట్టం) వేయాలని డాక్టరు చెప్పగానే ఇంటివాళ్లు వరండాలోకి వచ్చి నన్ను అడిగే మొదటి మాట: "ఇక ఆశ లేదా సిస్టర్?"

అపోహ: పొట్టకు గొట్టం వేశారంటే చివరి దశే.

వాస్తవం: కానే కాదు. 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గాడరర్, పాన్‌స్కీ అనే వైద్యులు ఈ పద్ధతిని మొదట చేసింది నెలల పసిబిడ్డకు. పక్షవాతం వచ్చిన చాలామందికి మింగే శక్తి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తిరిగి వస్తుంది. అప్పుడు గొట్టం తీసేస్తే రంధ్రం సాధారణంగా కొద్ది రోజుల్లో దానంతటదే పూడుకుంటుంది.

అపోహ: అది పెద్ద ఆపరేషన్. ముక్కులోంచి పొట్టలోకి వేసే ముక్కు గొట్టంతో నెట్టుకురావడమే నయం.

వాస్తవం: ఎండోస్కోపీ (నోటి ద్వారా కెమెరా గొట్టం దించి చూడటం) చేస్తూ పొట్ట మీద చిన్న గాటు పెట్టి వేస్తారు. సాధారణంగా అరగంట పని. ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం వంటి ముప్పు కొంత ఉంటుంది, దాచను. కానీ నాలుగు వారాలకు మించి అవసరమైతే పెగ్ మేలు. ముక్కు గొట్టం పీకేసుకుంటున్నారని చేతులు మంచానికి కట్టిన రోగులను చూశాను. అది చూడలేం.

అపోహ: ఇంట్లో వండినదేదైనా మిక్సీ పట్టి పోయవచ్చు.

వాస్తవం: ఒక కోడలు ఇడ్లీ సాంబారు ఎంతో ఓపికగా రుబ్బి మామగారికి పోసింది. గొట్టం మూసుకుపోయింది. వెలుతురుకు పెట్టి చూస్తే లోపల సగం నలిగిన ఆవగింజ, దానికి చుట్టుకున్న కరివేపాకు ఈనె. గోరువెచ్చని నీళ్లు ఎక్కించి, సిరంజిని ముందుకూ వెనక్కూ మెల్లగా కదుపుతూ ఇరవై నిమిషాలు కూర్చున్నాను. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు. తప్పు ఆమెది కాదు, వడకట్టమని ఎవరూ చెప్పలేదు. పోపు లేకుండా వండి, పలుచని గుడ్డలో వడకట్టండి. ఉత్తి రాగిజావతో మాంసకృత్తులు చాలవు, కొలతలు డైటీషియన్‌ను అడగండి. ఆహారానికి ముందూ తర్వాతా డాక్టరు వద్దనకపోతే 30 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి. మాత్రలు ఆహారంలో కలపకండి. కొన్నింటిని అసలు నలపకూడదు, అడిగి తెలుసుకోండి.

అపోహ: గొట్టం ఉంటే పొలమారే భయం లేదు.

వాస్తవం: ఉంది. లాలాజలం, పొట్టలోంచి పైకి తన్నిన ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పోసేటప్పుడు, ఆ తర్వాత గంటసేపు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచండి.

అపోహ: ఊడిపోతే మనమే తోసేయవచ్చు.

వాస్తవం: వేసి నెల కాకపోతే అసలు ముట్టుకోవద్దు, కొత్త దారిలో గొట్టం జీర్ణాశయంలోకి కాక కడుపులోపల మరోచోటికి పోవచ్చు. పాతదైనా రంధ్రం గంటల్లో మూసుకుంటుంది. శుభ్రమైన గుడ్డ కప్పి వెంటనే ఆసుపత్రికి రండి.

అపోహ: తినడం మానేసిన ప్రతివారికీ ఇదే మందు.

వాస్తవం: మతిమరుపు వ్యాధి బాగా ముదిరినవారికి ఇది ఆయుష్షు పెంచుతుందని రుజువు లేదు. అలాంటి తల్లిని కూర్చోబెట్టి, చెంచాతో కొద్దికొద్దిగా తినిపించండి. చాలని మొహం తిప్పుకుంటే ఆగండి.